చెవిలో ఈల, దిండు కింద వాన

సాత్తూరు వేసవిలో అర్ధరాత్రి కరెంటు పోవడం అంటే ఏమిటో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఫ్యాను నిదానించి ఆగుతుంది. ఇంట్లో అందరూ ఒకసారి అటూ ఇటూ పొర్లుతారు. నాకు మాత్రం ఉక్క కంటే ముందు ఇంకొకటి వస్తుంది. ఎడమ చెవిలో సన్నని ఈల. కుక్కరు ఈలలా ఆగి ఆగి కాదు, పాత టీవీలో ప్రసారాలు ముగిశాక వచ్చే కూతలా ఎడతెగకుండా. అంతసేపూ దాన్ని కప్పి ఉంచింది ఫ్యాను చప్పుడేనన్నమాట. వేమన చెప్పిన జోరీగ అయితే ఎప్పుడో ఒకప్పుడు ఎగిరిపోతుంది. ఇది పోదు.

డాక్టర్లు దీన్ని టినిటస్ అంటారు. ఆయుర్వేదంలో కర్ణనాదం. సుశ్రుత సంహిత లెక్కపెట్టిన 28 చెవి రోగాల్లో ఇదీ ఉంది. బీథోవెన్ 1801లో డాక్టరైన తన స్నేహితుడికి రాసిన ఉత్తరంలో రాత్రింబవళ్లు చెవులు హోరెత్తుతున్నాయని మొరపెట్టుకున్నాడు. రోగం కొత్తది కాదు, నాకే కొత్త.

మొదటి ఏడాది నేను ఎవరికీ చెప్పలేదు. నిద్ర లేకుండా బ్యాంకులో కూర్చుంటే ఏమవుతుందో ఒకరోజు తెలిసింది. నేను పాస్ చేసిన వోచరులో ఒక సున్నా ఎక్కువ ఉంది. సాయంత్రం లెక్క సరిచూస్తున్న అమ్మాయి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రే మా ఆవిడకు చెప్పాను. ఆమె మర్నాడు కోవిల్పట్టిలో ఉన్న మా పెద్దన్నకు ఫోను చేసి చెప్పేసింది.

అన్న ముప్పయ్యేళ్లు నూలు మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన నాతో అన్న మాట ఇది: "నీకూ కూస్తోందా? నాకు మిల్లులో ఉన్నప్పటినుంచీ కూస్తూనే ఉందిరా. అందరికీ ఇంతే అనుకున్నా." పెళ్లిళ్లలో మాటల మధ్య ఆయన లేచి ఎందుకు వెళ్లిపోతారో, రోజూ నిద్రమాత్ర ఎందుకు వేసుకుంటారో అప్పుడు అర్థమైంది. మేమందరం ఆయనది కోపిష్టి స్వభావం అనుకున్నాం.

ఇద్దరం మదురై వెళ్లి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకున్నాం. వినికిడి పరీక్షలో అన్నగారి గీత 4000 హెర్ట్జ్ దగ్గర బావిలోకి దిగినట్టు దిగింది. పెద్ద చప్పుళ్ల మధ్య పనిచేసిన చెవికి అది గుర్తట. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న భాగంలో సుమారు 15 వేల సన్నని రోమ కణాలు ఉంటాయి. చప్పుడుకు చచ్చిపోయినవి మళ్లీ మొలవవు. అక్కడినుంచి రావలసిన కబురు రాకపోయేసరికి మెదడు తన వాల్యూము తనే పెంచుకుంటుంది. ఆ పెంచిన వాల్యూములో వినబడేదే ఈ ఈల అని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 85 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలు మించి ఉండకూడదనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుందనీ అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. పక్కనే శివకాశి పెట్టుకున్న మనం ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. మన దేశంలో టపాకాయకు అనుమతించిన హద్దే నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్. మా చిన్నప్పుడు నాలుగు మీటర్లు ఎవరు కొలిచారు?

మందు లేదన్నారు. ప్రకటనల్లో వచ్చే జింకో, జింకు మాత్రలకు డబ్బు పెట్టవద్దన్నారు. రాత్రిపూట చిన్న చప్పుడు ఏదైనా పక్కన పెట్టుకోమన్నారు. ఈ ఉపాయానికి ఒక కథ ఉంది. 1970ల్లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో జాక్ వెర్నన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక రోగితో నడుస్తూ ఒక ఫౌంటెన్ దగ్గరికి వచ్చాడు. నీళ్లు పడే చప్పుడులో ఆ రోగికి తన చెవి హోరు వినబడకుండా పోయింది. హోరును చప్పుడుతో కప్పే యంత్రాల మీద వెర్నన్ పని అక్కడ ఊపందుకుంది. తర్వాత వచ్చిన జాస్ట్రెబాఫ్ పద్ధతిలో అయితే పూర్తిగా కప్పవద్దంటారు. ఈల లీలగా వినబడుతుండగానే పక్క చప్పుడు దానికి కాస్త కిందుగా ఉండాలి. అప్పుడే మెదడు దానికి అలవాటు పడి, పట్టించుకోవడం మానుకుంటుందట.

ఇక కొనడం దగ్గరికి వద్దాం. కామర్సు చదివినవాణ్ణి కదా, చవకదానితో మొదలుపెట్టాలన్నది నా సూత్రం. అయినా మొదట తప్పే చేశాను. చెవి ముందు ఎముకకు ఆనే బోన్ కండక్షన్ హెడ్‌ఫోను కొన్నాను. ఎముక గుండా పోతుంది కదా, పాడైన చెవిని దాటిపోతుందనుకున్నాను. అది దాటేది కర్ణభేరిని, మధ్య చెవిని మాత్రమే. చేరేది మళ్లీ ఆ పాడైన లోపలి చెవికే. పైగా తల వెనక కమ్మీ ఉంటుంది, వెల్లకిలా పడుకుంటే గుచ్చుకుంటుంది. మా అబ్బాయి దాన్ని నడకకు వాడుకుంటున్నాడు.

తర్వాత తలకు కట్టుకునే బట్ట పట్టీ. అందులో రెండు బిళ్ల స్పీకర్లు ఉంటాయి. ఎటు తిరిగినా చప్పుడు చెవితోనే ఉంటుంది, పక్కవాళ్లకు వినబడదు. వినికిడి బాగా తగ్గినవాళ్లకు ఇదే మేలు. కానీ నేను కొన్నది చలిదేశాల వాళ్ల కోసం కుట్టిన ఉన్ని పట్టీ. చిత్తిరై నెలలో దాన్ని కట్టుకుని పడుకున్న రాత్రి తలకు జ్వరం వచ్చినట్టుంది. కొనేవాళ్లు పలుచని జాలీ బట్టదీ, స్పీకర్లు తీసి ఉతుక్కోగలిగినదీ చూసుకోండి. ఇంకొక చిక్కు: బ్యాటరీ అయిపోయే ముందు కొన్ని పట్టీలు ఇంగ్లీషులో ఒక ప్రకటన చేస్తాయి. తెల్లవారుజామున మూడింటికి తల మీద ఒక అమ్మాయి మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నిద్ర కోసమే చేసిన బుల్లి ఇయర్‌బడ్స్ కూడా ఉన్నాయి. బోస్ కంపెనీ 2018లో తెచ్చి, బ్యాటరీ గొడవతో మరుసటి ఏడాదే వెనక్కి తీసుకుని, 2020లో మళ్లీ తెచ్చి, 2023లో మానేసింది. ఆ ధరలో ఎక్కువకాలం నిలవని వస్తువు నాకు వద్దనిపించింది. రాత్రంతా చెవి మూసి ఉంటే గుబిలి లోపలికి పోతుందన్న భయం కూడా ఉంది.

చివరికి నాకు కుదిరింది అన్నిటికంటే చవకైనది. వడియమంత పలుచని బిళ్ల, దానికో తీగ. దిండు కింద పెట్టుకుని తీగ ఫోనుకు తగిలించడమే. వెయ్యి రూపాయల లోపే అయింది. కొత్త ఫోనులో తీగకు రంధ్రం లేకపోతే చిన్న అడాప్టరు కావాలి, లేదా బ్లూటూత్‌ది కొనుక్కోవాలి. దిండుకు ఆనిన చెవికే ఇది బాగా వినబడుతుంది కాబట్టి ఏ వైపు తిరిగి పడుకుంటారో ముందు చూసుకోండి. నేను ఎడమవైపు పడుకుంటాను, ఈలా ఎడమవైపే. మా ఇంటి బూరుగుదూది దిండు మందంగా ఉండి చప్పుడును మింగేసింది. పలుచని దిండు మార్చాక సరిపోయింది. ఫోను మాత్రం దిండు కింద వద్దు, ముఖ్యంగా చార్జింగులో ఉన్నప్పుడు. గాలి ఆడక వేడెక్కుతుంది. దూరంగా స్టూలు మీద పెట్టండి.

ఏ చప్పుడు పెట్టుకోవాలి? సముద్రం నాకు పడలేదు, ప్రతి అలకూ ఎదురుచూస్తూ మేలుకున్నాను. వైప్పారు చప్పుడు రికార్డు చేద్దామంటే ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ ఇసుకే. అన్నగారి తోటలో పంపుసెట్టు నీళ్లు తొట్టెలో పడుతుంటే గంటసేపు ఫోనులో పట్టాను. గంట అయ్యాక ఒక క్షణం ఆగి మళ్లీ మొదలైతే ఆ ఖాళీకే మెలకువ వచ్చేది. మా అబ్బాయి చివరా మొదలూ కలిపి అతుకు తెలియకుండా చేశాడు.

దీన్ని గొప్ప చికిత్సగా చెప్పను. 2018లో వచ్చిన కొక్రేన్ సమీక్ష, ఇలాంటి చప్పుడు యంత్రాలు మిగతా పద్ధతుల కంటే మెరుగని రుజువు లేదనే తేల్చింది. మనసు పడే బాధను తగ్గించడంలో మంచి రుజువు ఉన్నది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మానసిక శిక్షణకు. వినికిడి తగ్గినవాళ్లకు పగటిపూట హియరింగ్ ఎయిడ్ మేలు చేస్తుంది. ఒక్క చెవిలోనే ఈల ఉన్నా, గుండె చప్పుడుతో కలిసి కొట్టుకుంటున్నా, తల తిరుగుతున్నా స్పీకరు కొనకముందే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నన్నూ అందుకే స్కానింగు చేయించుకోమన్నారు, అందులో ఏమీ లేదు. హఠాత్తుగా వినికిడి పోతే ఆ రోజే వెళ్లాలి, ఆలస్యమయ్యేకొద్దీ మందు పనిచేసే అవకాశం తగ్గుతుంది. చెవిలో కాచిన నూనె మాత్రం ఎవరు చెప్పినా పోసుకోవద్దు.

అన్నగారు బిళ్ల స్పీకరు పెడితే వినబడటం లేదన్నారు. జాలీ పట్టీ కొనిచ్చాను. మొదట "ఆడపిల్ల రిబ్బనా ఇది?" అన్నారు. ఇప్పుడు వదిన ఉతకడానికి తీసుకుంటే సాయంత్రంలోగా ఆరుతుందా అని రెండుసార్లు అడుగుతున్నారట. నిద్రమాత్రను డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా సగానికి తగ్గించారు.

మొన్న రాత్రి మళ్లీ కరెంటు పోయింది. మా ఆవిడ లేచి విసనకర్ర కోసం ఇల్లంతా వెతికిందట. నాకు పొద్దున ఆమె చెబితేనే తెలిసింది.