రొమ్ములో గడ్డ: చిన్న వయసు స్త్రీలకు స్కానింగ్ ఎందుకు?



"చిన్న వయసు కదా, ఏమీ కాదులే" అని కొందరు ధైర్యం చెబుతారు. "గడ్డ అంటే క్యాన్సరే, రొమ్ము తీసేస్తారు" అని కొందరు భయపెడతారు. రెండు మాటల వల్లా జరిగేది ఒకటే: ఆమె ఆసుపత్రికి రాదు. పసరు కట్టు వేసుకుని, కాఫీ తోటకూ సంతకూ తిరుగుతూ నెలలు గడిపేస్తుంది. ఆ గడ్డ ఏమిటో చేత్తో తడిమి ఖాయంగా ఎవరూ చెప్పలేరు. అందుకే స్కానింగ్ కావాలి.

గడ్డలన్నీ క్యాన్సరేనా?

కావు. 15 నుండి 35 ఏళ్ళ లోపు వారిలో ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఅడినోమా అనే గడ్డ. నొక్కితే వేలి కింద నుండి జారిపోతుంది. ఇది క్యాన్సర్ కాదు, చాలామందికి ఆపరేషన్ కూడా అక్కరలేదు. నీటి తిత్తులు, పాలిచ్చే తల్లులకు పాల గడ్డ, చీము గడ్డ కూడా వస్తాయి.

అలాగని చిన్న వయసులో క్యాన్సర్ రాదనుకోవద్దు. మన దేశంలో 2022లో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంచనా. పాశ్చాత్య దేశాల కంటే మన దగ్గర ఇది చిన్న వయసులోనే ఎక్కువగా కనబడుతోంది.

ఏ లక్షణాలుంటే రావాలి?

1. రొమ్ములో గాని చంకలో గాని గడ్డ
2. చనుమొన కొత్తగా లోపలికి పోవడం, దానిపై మానని పుండు
3. చనుమొన నుండి రక్తం కారడం
4. చర్మం గుంట పడడం, నారింజ తొక్కలా మారడం
5. ఎరుపు, వాపు మందులు వాడినా తగ్గకపోవడం

నెలసరి ముందు రెండు రొమ్ములూ సలపడం మామూలే. నొప్పి లేదని మాత్రం గడ్డను వదిలేయకండి. క్యాన్సర్ గడ్డ మొదట్లో తరచుగా నొప్పి పెట్టదు.

ఏ వయసుకు ఏ పరీక్ష?

30 ఏళ్ళ లోపు వారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మొదట అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేస్తారు. 30 నుండి 39 ఏళ్ళ వారికి డాక్టరు గారు చూసి అల్ట్రాసౌండ్ గాని, మామోగ్రామ్ గాని, రెండూ గాని రాస్తారు. 40 దాటితే మొదట మామోగ్రామ్, దానికి తోడు అల్ట్రాసౌండ్.

వయసును బట్టి ఈ తేడా ఎందుకు? మామోగ్రామ్ అంటే రొమ్ము ఎక్స్‌రే. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి ఎక్స్‌రేలో తెల్లగా పడుతుంది. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. మన లోయలో పొగమంచు కమ్మిన వేళ తెల్ల ఆవును వెతికినట్లే. అల్ట్రాసౌండ్‌లో గడ్డ విడిగా కనిపిస్తుంది; అందులో నీరుందా, చీముందా, గట్టి కండ ఉందా అని తెలుస్తుంది. దీనిలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు కాబట్టి కడుపులోని బిడ్డకు హాని లేదు. అయితే సన్నని సున్నపు చుక్కలను మామోగ్రామే బాగా చూపుతుంది. అందుకే అనుమానం ఉంటే చిన్న వయసు వారికైనా అది తీయిస్తారు.

రొమ్ము స్కానింగ్‌కు పరగడుపున రానక్కరలేదు, నీళ్ళు తాగి మూత్రం ఆపుకోనక్కరలేదు. మామోగ్రామ్ రోజున మాత్రం చంకలో, రొమ్ముపై పౌడరు రాయకండి. పరీక్ష సమయంలో తోడుగా నర్సు కావాలని మొహమాటం లేకుండా అడగండి.

రిపోర్టులోని అంకె

రిపోర్టులో బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 1 అంటే ఏమీ కనబడలేదని, 2 అంటే హాని లేని గడ్డ అని. 3 అయితే క్యాన్సర్ కాకపోవచ్చు గాని, సాధారణంగా ఆరు నెలలకు మళ్ళీ చూడాలి. 4, 5 అయితే సూదితో ముక్క తీసి పరీక్ష చేయాలి. 0 అంటే ఇంకో పరీక్ష కావాలని. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం వద్దు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాము. స్కానింగ్‌లో ఏమీ లేదని వచ్చినా చేతికి గడ్డ తగులుతూ ఉంటే, పని అయిపోయిందనుకోకండి. డాక్టరు చేతి పరీక్ష, స్కానింగ్, అవసరమైతే సూది పరీక్ష – ఈ మూడూ కలిస్తేనే ఖాయమైన జవాబు.

పాలిచ్చే తల్లులకు

చీము గడ్డ ఉంటే స్కానింగ్‌లో చూస్తూ సూదితో చీము తీయవచ్చు. పాలివ్వడం మానవద్దు; డాక్టరు గారు వద్దన్నప్పుడే ఆపండి. వాపు తగ్గకపోతే "పాల గడ్డే" అని సరిపెట్టుకోకుండా మళ్ళీ రండి.

విశాఖపట్నం పంపితే

కింగ్ జార్జి ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్ళమంటే భయపడకండి. అరకు నుండి సుమారు 115 కిలోమీటర్లు. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు, ఫిల్ములు తీసుకెళ్ళండి. పరీక్షలు ఒక్క రోజులో అవకపోవచ్చు కనుక రాత్రి ఉండేలా బట్టలతో, ఒక తోడుతో వెళ్ళండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం, నేటి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, కింద క్యాన్సర్ చికిత్స పొందవచ్చు.

ఏ లక్షణమూ లేని చిన్న వయసు వారికి ఈ పరీక్షలు సాధారణంగా అవసరం లేదు. తల్లికో అక్కచెల్లెళ్ళకో ఈ జబ్బు వచ్చి ఉంటే మాత్రం డాక్టరు గారితో చెప్పండి.

భర్తలకు, అత్తమామలకు మా మనవి: ఆమె గడ్డ ఉందని చెప్పిన వారంలోనే తీసుకురండి. స్త్రీల సమాజంలో ఈ పేజీ చదివి వినిపించండి. పన్నెండేండ్లు బాధపడిన స్త్రీ జనసమూహంలో దారి చేసుకుని ప్రభువు దగ్గరకు వచ్చింది. మన ఆడబిడ్డ అన్నేళ్ళు ఆగకుండా చూడడం మన పని.