దివాలా పిమ్మట దూరదేశమున చేతిసొమ్ము

మన గ్రామములలో ఒక రైతు అప్పులు తీర్చలేక కోర్టున దరఖాస్తు వేసినచో “ఐ.పి. పెట్టినాడు” అని జనులు చెప్పుకొందురు. ఆ మాటతో అతని కథ ముగిసినట్లే తలతురు. కాని అసలు కష్టము అటుపిమ్మటనే మొదలగును. సాగు నిలిచిపోయిన రైతు మూటముల్లె సర్దుకొని ఇటుక బట్టీలకో, ఇండ్లు కట్టు పనులకో హైదరాబాదు, బెంగుళూరు, ముంబయి పట్టణములకు పోవును. పాలమూరు వారికి, అనంతపురము కరవుసీమ వారికి ఈ ప్రయాణము తెలిసినదే. అట్లు పోయినచోట జ్వరము వచ్చినను, ఇంటినుండి ఆపదవార్త వచ్చినను అతని చేతికి డబ్బు ఎట్లు అందును? ఈ మాసము మేము వ్రాయదలచిన విషయ మిదియే.

తక్కినవారికి ఆపద వచ్చినచో చేబదులు తెచ్చుకొందురు. దివాలాదారునకు ఆ దారి సుగమము కాదు. 1920వ సంవత్సరపు ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టము 72వ సెక్షను ప్రకారము, కోర్టువలన ఇంకను విమోచనము పొందని దివాలాదారుడు తన స్థితిని తెలుపక యెవరియొద్దనైనను 50 రూపాయలు గాని, అంతకు మించి గాని అప్పు తెచ్చినచో అది నేరము. అందులకు ఆరు మాసములవరకు ఖైదు గాని, జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. నూఱేండ్ల క్రిందట 50 రూపాయలు పెద్ద మొత్తమే. నేడు పట్టణములో ఇద్దరి పూట భోజనమునకు చాలదు. అంకె మాత్రము మారలేదు. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినది గదా యని కొందరు అందురు; అందులో వ్యక్తులకు సంబంధించిన భాగము, కంపెనీల అప్పులకు జామీను నిలిచినవారికి తప్ప, తక్కినవారికి ఇంకను అమలునకు రాలేదు. రైతునకు పాత చట్టమే గతి. కావున దూరమున నున్న దివాలాదారునకు తాను కూడబెట్టుకొన్న కొద్దిపాటి సొమ్మే ఆధారము.

దివాలా తీసినవానికి తనదను సొమ్ము ఉండునా? ఉండును, కాని అంతయు కాదు. కోర్టు దివాలా ప్రకటించినతోడనే ఆస్తి కోర్టునకో రిసీవరునకో చెందును. విమోచనమునకు పూర్వము కొత్తగా సంపాదించినదియు అట్లే. అయినను సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను జప్తునుండి మినహాయించినవి ఇందు చేరవు. రైతు పనిముట్లు, జీవనమునకు ఆవశ్యకములని కోర్టు తలచిన పశువులు, విత్తన ధాన్యము, తాను కాపురముండు ఇల్లు, జీవిత భీమావలన రావలసిన సొమ్ము, కూలివాని కూలి ఈ మినహాయింపులోనివి. తాకట్టు పెట్టినదానికి మాత్రము ఈ రక్షణ లేదు. తాకట్టు పట్టినవాని హక్కును దివాలా కదల్పజాలదు.

కూలి అను ఈ ఒక్క మాటయే వలస పోవు రైతునకు ముఖ్యము. బట్టీలో చెమటోడ్చి సంపాదించినది అతనిదే. అయితే ఆ సొమ్ము పాత ఖాతాలో చేరి, పంట అమ్మిన డబ్బుతోను, బంధువు లిచ్చిన డబ్బుతోను కలిసిపోయినచో ఏది కూలి, ఏది కాదు అను వాదము పుట్టును. కూలి తప్ప మఱొకటి చేరని పుస్తకము నొకదానిని వేఱుగ నుంచుకొనుట మేలు. దాని సంగతి రిసీవరునకు వ్రాతమూలకముగ తెలిపి, ఆ కాగితపు నకలు దాచుకొనుట ఇంకను మేలు.

దాచుటకును దాచిపెట్టుటకును భేదము కలదు. ముందుచూపు అనుకొని బావమఱది పేర డబ్బు వేసి వచ్చువారు ఉన్నారు. దరఖాస్తునకు పూర్వము రెండేండ్లలోపల ప్రతిఫలము లేక చేసిన బదిలీలను 53వ సెక్షను క్రింద రద్దు చేయవచ్చును. ఋణదాతలను మోసగించుటకు ఆస్తిని మరుగుపరచినచో 69వ సెక్షను క్రింద ఒక సంవత్సరము వరకు ఖైదు. పైగా బావమఱది మంచివాడే యైనను, అర్ధరాత్రి ఆసుపత్రినుండి కబురు పంపినపుడు అతడు పెండ్లివారింట నుండవచ్చును. భార్య తన కూలితో పొదుపు సంఘములో కూర్చుకొన్న సొమ్ము సంగతి వేఱు. అది ఆమెది. ఆమె జామీను సంతకము పెట్టియుండనిచో భర్త ఋణదాతలకు దానితో పనిలేదు.

ఇక ఎక్కడ నుంచవలెను? అప్పు పడిన బ్యాంకులో మాత్రము వలదు. ఒకచేత బాకీ, ఒకచేత డిపాజిట్టు ఉన్నపుడు రెంటిని సరిచూచుకొను హక్కు బ్యాంకునకు కలదు. మన సహకార సంఘమైనను అంతే. బాకీపడిన సభ్యుని వాటాధనమును, డిపాజిట్టును బాకీక్రింద జమకట్టుకొనవచ్చును. సంఘపు పత్రికలోనే ఈ మాట వ్రాయుట మాకు రుచింపకున్నను, చెప్పకుండుట తగదు. పోస్టాఫీసు సేవింగ్సు ఖాతా యొకటి, అప్పు లేని బ్యాంకులో కనీసపు నిల్వ అక్కరలేని జన్‌ధన్ వంటి ఖాతా యొకటి, ఈ రెంటిలో నేదైనను చాలును. పోస్టాఫీసులో 500 రూపాయలు నిల్వ యుండవలెను. కంప్యూటరు జాలములో చేరిన పోస్టాఫీసు ఏ యూర నున్నను అచ్చట పుస్తకము చూపి సొమ్ము తీసికొనవచ్చును.

బ్యాంకు ఖాతాయైనచో ఏ.టి.ఎం. కార్డు కలదు, ఆధారుతో వ్రేలిముద్ర వేసి తీసికొను పద్ధతి కలదు. 2018లో వెలసిన పోస్టల్ పేమెంట్సు బ్యాంకు మూలమున తపాలా బంట్రోతు సయితము వ్రేలిముద్ర గైకొని ఇతర బ్యాంకుల ఖాతాలనుండి సొమ్ము ఇయ్యగలడు. వినుటకు ఇది సులభమే. కాని ఇటుకలు మోసి, సిమెంటు కలిపి, వ్రేళ్ళ గీతలు అరిగిపోయినవాని ముద్రను యంత్రము గుర్తింపదు. బయలుదేరకముందే మన యూరి మైక్రో ఏ.టి.ఎం. వద్ద పది వ్రేళ్ళును పరీక్షించి, ఏది పనిచేయునో చూచుకొనవలెను. ముద్రను మాత్రమే నమ్ముకొని పోరాదు. కార్డును వెంట నుండవలెను. యంత్రము “కాలేదు” అని చూపినను ఖాతాలో సొమ్ము తగ్గియుండవచ్చును గాన, ప్రతిసారి చీటీ అడిగి పుచ్చుకొనవలెను.

కార్డును, రహస్యపు అంకెను మేస్త్రీకి అప్పగించుట ఆత్మహత్య వంటిది. అడ్వాన్సు ఇచ్చినవాడే కార్డును పట్టుకొన్నచో ఖాతా ఎవరిది? ఫోను నెంబరును బ్రతికియుంచుకొనవలెను. రీచార్జి లేక పోయిన నెంబరు కొన్నాళ్ళకు మఱొకరికి చేరును, బ్యాంకు సందేశములు వారికి పోవును. రెండేండ్లు లావాదేవీ లేని బ్యాంకు ఖాతా స్తంభించును గనుక అప్పుడప్పుడు కొంత వేయుచు తీయుచు నుండవలెను. ఇవన్నియు నున్నను, తిరుగు రైలు ఛార్జీయు రెండు దినముల తిండికి సరిపడు డబ్బును నోట్లుగ ఒంటిమీద నుండుట మంచిది.

ఊరు విడచుటకు ముందు క్రొత్త చిరునామాను రిసీవరునకు తెలుపుట మఱవరాదు. ఋణదాతలను తప్పించుకొనుటకే ఎల్ల దాటెనని కోర్టు తలచినచో అరెస్టునకు ఉత్తరువు చేయవచ్చును. అంతకన్న ముఖ్యమైనది మఱొకటి. దివాలా ప్రకటించునపుడే విమోచనమునకు దరఖాస్తు చేసికొను గడువును కోర్టు నిర్ణయించును. ఆ గడువు దాటినచో 43వ సెక్షను ప్రకారము దివాలా ఉత్తరువే రద్దగును, ఋణదాతలు మరల దావాలతో వత్తురు. తగిన కారణము చూపినచో గడువు పెంచుదురు గాని, అడిగినప్పుడు మాత్రమే. ఆ తేదీని వకీలునడిగి పాసుపుస్తకపు మొదటి పుటలో వ్రాసికొనవలెను. పని మాని కోర్టునకు వచ్చి పోవుటకగు ఖర్చును, ఆ దినముల కూలి నష్టమును సయితము ఈ ఆపత్సొమ్ములోనే లెక్కకట్టి యుంచుకొనవలెను.