స్టేట్‌మెంట్‌లో తెలియని పేరుతో రూ.299 కట్ అయిందా? అది ఏ యాప్ పనో ఇలా పట్టుకోండి

జీతమో పాకెట్ మనీయో పడి వారం కాలేదు, బ్యాలెన్స్ అప్పుడే ఎందుకు తగ్గిందా అని స్టేట్‌మెంట్ తెరుస్తారు. ఫుడ్ ఆర్డర్లు, పెట్రోల్, రీఛార్జ్.. అన్నీ గుర్తున్నవే. మధ్యలో ఒక్క లైన్ మాత్రం ఎంత చూసినా అంతుపట్టదు. ఎప్పుడూ వినని కంపెనీ పేరు, పక్కన రూ.299. పోయిన నెల కూడా అదే తేదీన అంతే కట్ అయింది. ఇది మోసమా? లేక ఎప్పుడో ఒక సినిమా కోసం మనమే ఓకే కొట్టి మర్చిపోయిన ఓటీటీ సబ్‌స్క్రిప్షనా?

ఇక్కడ చాలామంది తొందరపడి రెండు పనులు చేస్తారు. ఒకటి, అనుమానం ఉన్న యాప్‌ను ఫోన్ నుంచి తీసేయడం. దాంతో డబ్బు కట్ అవడం ఆగదు. ఎందుకంటే చెల్లింపుకు మనం ఇచ్చిన అనుమతి ఫోన్‌లో లేదు, బ్యాంకు దగ్గర ఉంది. రెండోది, వెంటనే కార్డు బ్లాక్ చేయించడం. నిజంగా మోసం జరిగితే అది సరైన పనే. కానీ అది మన సబ్‌స్క్రిప్షనే అయితే, అదే కార్డు మీద నడుస్తున్న కరెంట్ బిల్లు, బ్రాడ్‌బ్యాండ్ బిల్లు కూడా ఆగిపోయి కొత్త తలనొప్పి మొదలవుతుంది.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ డబ్బు ఏ దారిలో వెళ్లింది? ఏ దారిలో వెళ్లిందో తెలిస్తే అక్కడే ఆపేయొచ్చు.

యాప్ పేరు ఒకటి, బిల్లు పేరు ఇంకొకటి

స్టేట్‌మెంట్‌లో కనిపించేది యాప్ పేరు కాదు, డబ్బు తీసుకున్న సంస్థ పేరు. ఈ రెండూ ఒకటే కావాలని ఏమీ లేదు. తేడా రావడానికి ముఖ్యంగా నాలుగు కారణాలు ఉన్నాయి.

1. కంపెనీ అసలు పేరు: 'ఆహా'ను నడిపే సంస్థ అర్హా మీడియా అండ్ బ్రాడ్‌కాస్టింగ్. సోనీలివ్ వెనక ఉన్నది కల్వర్ మ్యాక్స్ ఎంటర్‌టైన్‌మెంట్. సోనీ పిక్చర్స్ నెట్‌వర్క్స్ ఇండియా 2022లో ఈ పేరుకు మారింది. పాత హాట్‌స్టార్‌ను నడిపింది నోవీ డిజిటల్. మనకు తెలిసింది యాప్ లోగో, బ్యాంకుకు తెలిసింది రిజిస్టర్ అయిన పేరు.

2. పేరు మారిన యాప్‌లు: 2025 ఫిబ్రవరి 14న డిస్నీ ప్లస్ హాట్‌స్టార్, జియోసినిమా కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. ఎప్పుడో ఒక పేరు చూసి అనుమతి ఇచ్చి ఉంటారు, ఇప్పుడు బిల్లు ఇంకో పేరుతో వస్తుంది.

3. మధ్యలో ఉన్న గేట్‌వే: రేజర్‌పే, పేయూ, బిల్‌డెస్క్ లాంటివి యాప్‌లకు డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థలు. కొన్నిసార్లు లైన్‌లో వీటి పేరే కనిపిస్తుంది. అంతమాత్రాన మీరు రేజర్‌పేలో ఏదో కొన్నారని కాదు.

4. యాప్ స్టోర్ బిల్లింగ్: ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ ద్వారా సబ్‌స్క్రైబ్ చేస్తే డబ్బు గూగుల్‌కు వెళ్తుంది. ఐఫోన్‌లో యాప్ స్టోర్ ద్వారా చేస్తే యాపిల్ పేరు, 'యాపిల్ డాట్ కామ్ బిల్' లాంటి లైన్ పడుతుంది. ప్రైమ్ వీడియోలో అదనపు ఛానల్ తీసుకుంటే ఆ బిల్లు కూడా అమెజాన్ పేరుతోనే వస్తుంది. టీవీ రిమోట్‌తో ఒకటి రెండు క్లిక్‌లలో అయిపోయే పని కాబట్టి ఇంట్లో పిల్లలు నొక్కినా తెలియదు. అందుకే ప్రైమ్ వీడియో సెట్టింగ్స్‌లో కొనుగోళ్లకు పిన్ పెట్టుకోండి.

అంకెలోనే సగం ఆచూకీ

పేరు అర్థం కాకపోతే అంకెను చూడండి. రూ.149, 199, 499, 649 కనిపిస్తే నెట్‌ఫ్లిక్స్ నెలవారీ ప్లాన్లు గుర్తు చేసుకోండి. భారత్‌లో ఆ ధరలు 2021 డిసెంబర్‌లో వచ్చాయి. రూ.299 అయితే అమెజాన్ ప్రైమ్ నెల ప్లాన్, రూ.1,499 అయితే దాని ఏడాది ప్లాన్ కావచ్చు. ధరలు మారుతుంటాయి కాబట్టి ఇది అంచనాకే. పక్కాగా తేల్చాల్సింది మాత్రం రసీదు చూసే.

పైసలతో సహా వింత అంకె ఉంటే దాన్ని 1.18తో భాగించండి. ఉదాహరణకు రూ.588.82ను భాగిస్తే సరిగ్గా 499 వస్తుంది. అంటే అది రూ.499 ప్లాన్, పైన 18 శాతం జీఎస్‌టీ. ప్రతి నెలా అంకె కొద్దికొద్దిగా మారుతుంటే డాలర్లలో బిల్లు వేసే విదేశీ సర్వీస్ అయ్యుండొచ్చు. రూపాయి మారకం రేటుకు తోడు బ్యాంకు వేసే ఫారెక్స్ ఛార్జీ కూడా అందులో కలుస్తుంది.

తేదీ కూడా సాక్ష్యమే. మొదటిసారి డబ్బు కట్ అయిన రోజు నుంచి 7 రోజులు, 14 రోజులు, 30 రోజులు వెనక్కి వెళ్లండి. ఆ తేదీల్లో రూ.1 లేదా రూ.2 ఎక్కడైనా కట్ అయిందా? ఫ్రీ ట్రయల్ మొదలుపెట్టినప్పుడు పడిన అడుగు అదే. ఇప్పుడు మెయిల్ తెరిచి ఆ కంపెనీ పేరు, ఆ అంకె, ఇంగ్లిష్‌లో 'ట్రయల్', 'ఇన్‌వాయిస్', 'రెన్యూవల్' అనే మాటలతో వెతకండి. ప్రమోషన్స్ ఫోల్డర్‌ను మర్చిపోవద్దు, చాలా రసీదులు అక్కడే పడి ఉంటాయి.

ఇంట్లోవాళ్లను కూడా ఒకసారి అడగండి. తమ్ముడి ఫోన్‌లో మీ కార్డు ఉందేమో, అమ్మ సీరియల్ కోసం మీ నంబర్‌తో లాగిన్ అయ్యారేమో. రీఛార్జ్ ప్లాన్‌తో ఓటీటీ ఉచితంగా వస్తున్నా, అదే యాప్‌కు విడిగా కూడా డబ్బు కడుతున్నవాళ్లు ఉంటారు. అలాంటిది దొరికితే ఒకటి తీసేయొచ్చు.

నాలుగు దారులు, నాలుగు చోట్ల వెతకాలి

యూపీఐ ఆటోపే: స్టేట్‌మెంట్ లైన్‌లో యూపీఐ అని, 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటే దారి ఇదే. ఎన్‌పీసీఐ 2020 జులైలో తెచ్చిన ఈ సదుపాయంలో ఒక్కసారి పిన్ కొడితే చాలు, తర్వాత తనంతట తానే కట్ అవుతుంది. గూగుల్ పే, ఫోన్‌పే లాంటి యాప్‌లలో ప్రొఫైల్‌లోకి వెళ్లి 'ఆటోపే' తెరిస్తే మీరిచ్చిన అనుమతుల జాబితా ఉంటుంది. ఫోన్‌లో మూడు యూపీఐ యాప్‌లు ఉంటే మూడింట్లోనూ చూడండి. ఒకదాంట్లో ఇచ్చిన అనుమతి ఇంకోదాంట్లో కనిపించకపోవచ్చు.

కార్డు మీద స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్: బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలో 'ఈ-మాండేట్' లేదా 'స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్' కోసం చూడండి. చాలా బ్యాంకులు ఇందుకోసం బిల్‌డెస్క్ వాళ్ల 'ఎస్ఐ హబ్' పేజీకి పంపిస్తాయి. అక్కడ ఏ కార్డు మీద ఏ సంస్థకు ఎంత అనుమతి ఉందో చూసి రద్దు చేయొచ్చు.

ప్లే స్టోర్: ప్రొఫైల్ ఫొటో మీద నొక్కి, 'పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్'లోకి వెళ్లండి. ఫోన్‌లో రెండు జీమెయిల్ ఖాతాలుంటే రెండూ మార్చి చూడాలి. చాలామందికి దొరకని సబ్‌స్క్రిప్షన్ పాత జీమెయిల్‌లోనే దాక్కుని ఉంటుంది.

ఐఫోన్: సెట్టింగ్స్‌లో పైన మీ పేరు మీద నొక్కి 'సబ్‌స్క్రిప్షన్స్' తెరవండి.

లైన్‌లో 'ఏసీహెచ్' అని ఉంటే మాత్రం సాధారణంగా అది ఓటీటీ కాదు. ఈఎంఐ, సిప్, ఇన్సూరెన్స్ లాంటివి ఆ దారిలో వెళ్తాయి. తొందరపడి ఆపితే పెనాల్టీ పడుతుంది.

సబ్‌స్క్రిప్షన్ దొరికాక రద్దు చేయడానికి ఒక వరుస ఉంది. ముందు ఆ సర్వీస్‌లో రద్దు చేయండి, తర్వాత బ్యాంకు లేదా యూపీఐ యాప్‌లో ఆటోపే తీసేయండి. ఆటోపే ఒక్కటే తీసేస్తే డబ్బు ఆగుతుంది కానీ, సర్వీస్ లెక్కలో మీరింకా కస్టమరే. బాకీ ఉందంటూ మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి.

రీఫండ్ వస్తుందా?

ప్లే స్టోర్‌లో డబ్బు కట్ అయిన 48 గంటల లోపు గూగుల్‌నే రీఫండ్ అడగొచ్చు. ఆ గడువు దాటితే యాప్ డెవలపర్‌ను అడగమంటారు. యాపిల్‌కు 'రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్' అనే ప్రత్యేక పేజీ ఉంది. నేరుగా ఓటీటీ సైట్‌లో కట్టినవాళ్లు ఆ సంస్థ షరతులు చూసుకోవాలి. చాలాచోట్ల రద్దు చేసినా నెలాఖరు దాకా చూడనిస్తారు తప్ప డబ్బు వెనక్కి ఇవ్వరు.

మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం ఆ 24 గంటలు

ఆర్‌బీఐ రూల్ ప్రకారం, ఆటోమేటిక్‌గా కట్ అయ్యే చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు మీకు కబురు పంపాలి. సంస్థ పేరు, మొత్తం, కట్ అయ్యే తేదీ, రిఫరెన్స్ నంబర్, కారణం అందులో ఉండాలి. ఆ ఒక్క చెల్లింపునైనా, మొత్తం మాండేట్‌నైనా వద్దనే అవకాశం మీకు ఇవ్వాలి. కార్డులకు ఈ విధానం 2021 అక్టోబర్ 1 నుంచి పూర్తిగా అమలవుతోంది.

అదే రూల్‌లో మనం గమనించని ఇంకో విషయం ఉంది. ప్రతిసారీ ఓటీపీ లేకుండా కట్ అయ్యే పరిమితి మొదట రూ.2,000. తర్వాత రూ.5,000కు, 2022 జూన్‌లో రూ.15,000కు పెంచారు. కాబట్టి ఓటీపీ రాలేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు. ఏడాది ప్లాన్ మొత్తం కూడా ఓటీపీ అడక్కుండానే వెళ్లిపోవచ్చు. మనకు వచ్చే హెచ్చరిక ఆ ముందు రోజు మెసేజ్ ఒక్కటే. అది కూడా లోన్ ఆఫర్లు, ఆటల యాప్‌ల ప్రకటనల మధ్య పడి చదవకుండానే కిందికి పోతుంది.

ఈ సమస్య మనకంటే ఇంట్లో పెద్దవాళ్లకు ఎక్కువ. స్మార్ట్ టీవీ సెట్ చేసేటప్పుడు నాన్న ఫోన్‌లోని యూపీఐతో ట్రయల్ మొదలుపెట్టి మనం హాస్టల్‌కు వెళ్లిపోతాం. ఇంగ్లిష్‌లో వచ్చే మెసేజ్ ఆయన చదవరు. నెలకు రూ.199 చొప్పున ఏడాదికి రూ.2,388 ఆయన పెన్షన్ ఖాతా నుంచి చాప కింద నీరులా పోతూ ఉంటుంది. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆయన ఫోన్‌లో ఆటోపే జాబితా ఒక్కసారి తెరిచి చూడండి. రెండు నిమిషాల పని.

నిజంగా మీది కాకపోతే

ఇంట్లో అడిగారు, నాలుగు దారులూ వెతికారు, అయినా ఆచూకీ లేదు. అప్పుడిక ఆలస్యం వద్దు. బ్యాంకు యాప్‌లో కార్డు లేదా యూపీఐ ఆపి, ఫిర్యాదు చేసి, దాని నంబర్ రాసుకోండి. 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, మీ తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా మూడో వ్యక్తి వల్ల జరిగిన మోసాన్ని 3 పని దినాల్లో చెబితే మీ మీద భారం ఉండదు. 4 నుంచి 7 రోజులైతే కొంత భారం మీదే. అది దాటితే బ్యాంకు పాలసీని బట్టి ఉంటుంది. స్టేట్‌మెంట్ ఆరు నెలలకోసారి కాకుండా వారానికోసారి చూడమనేది ఇందుకే.

మోసమని తేలితే 1930కు ఫోన్ చేయండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. సబ్‌స్క్రిప్షన్ మీదే కానీ ఆ సంస్థ రద్దు చేయనివ్వకుండా తిప్పుతోందా? 2023 నవంబర్ 30న నోటిఫై అయిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లోని 13 రకాల్లో 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' కూడా ఒకటి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.

ఒక్క జాగ్రత్త: కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతకొద్దు. రూ.299 వెనక్కి ఇప్పిస్తామంటూ స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి ఖాతా ఖాళీ చేసేవాళ్లు అక్కడే కాచుకుని ఉంటారు. నంబర్ కార్డు వెనకో, అధికారిక యాప్‌లోనో చూసి తీసుకోండి. డబ్బు వెనక్కి రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

కొత్తది తీసుకునే ముందు

* పిన్ కొట్టే ముందు స్క్రీన్‌లో మూడు చూడండి: గరిష్ఠ మొత్తం ఎంత, ఎన్ని రోజులకోసారి, ఎప్పటి వరకు. పైన పెద్దగా రూ.1 అని ఉన్నా కింద గరిష్ఠ మొత్తం వేలల్లో ఉండొచ్చు.
* ట్రయల్ మొదలుపెట్టిన రోజే రద్దు చేసేయండి. ప్లే స్టోర్‌లో రద్దు చేసినా గడువు వరకు చూడొచ్చు. యాపిల్ సొంత సర్వీసుల ట్రయల్ మాత్రం రద్దు చేయగానే ఆగిపోవచ్చు. వాటికి గడువుకు రెండు రోజుల ముందు అలారం పెట్టుకోండి.
* అవసరం లేకపోతే కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్ చేయండి. కొన్ని విదేశీ సైట్లు ఓటీపీ అడగవు.
* ఆటోపేలన్నీ తక్కువ బ్యాలెన్స్ ఉండే ఒకే ఖాతాకు మార్చుకోండి. స్టేట్‌మెంట్ ఒక్క పేజీలో అయిపోతుంది, తెలియని పేరు ఒక్కటి వచ్చినా వెంటనే కంట్లో పడుతుంది.