సూదంటురాయికి వెల్లుల్లి పరీక్ష

కోణార్క సూర్యదేవాలయ శిఖరం మీద ఒకప్పుడు పెద్ద సూదంటురాయి ఉండేదట. అది సముద్రంలో పోయే ఓడలను ఒడ్డుకు లాగేసేదని, నావికులు దాన్ని పెకిలించుకుపోవడంతో గుడి కూలిందని ఒడిశాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దీనికి ఆధారాలు లేవు. అంత దూరంలోని ఓడను లాగే బలం ఏ సహజ అయస్కాంతానికీ ఉండదు. దగ్గరికొచ్చిన సూదినో మేకునో పట్టుకోవడం వరకే దాని సత్తా.

ఆ సత్తా కూడా తక్కువదేం కాదు. సూదంటురాయి మాగ్నటైట్ అనే నల్లటి ఖనిజం. ఇనుము, ఆక్సిజన్ కలిసి ఏర్పడిన ఈ ఖనిజం బరువులో 72 శాతం ఇనుమే. పింగాణీ ముక్క మీద గీస్తే నల్లటి చార పడుతుంది. భీమిలి తీరంలోని నల్ల ఇసుకలో అయస్కాంతాన్ని దొర్లిస్తే దానికి ముళ్లలా నిక్కబొడుచుకునే రేణువుల్లో ఇదీ ఉంటుంది.

అయితే మాగ్నటైట్ అంతా సూదంటురాయి కాదు. చాలా రాళ్లు అయస్కాంతానికి అతుక్కుంటాయే తప్ప సొంతంగా ఇనుమును లాగవు. లాగే శక్తి కొన్నిటికే ఎలా వచ్చింది? పిడుగుపాటు వల్ల వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. మెరుపులోని విద్యుత్తు చుట్టూ క్షణకాలం బలమైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది. తగిన నిర్మాణం ఉన్న రాయి ఆ ప్రభావాన్ని నిలుపుకుంటుంది. సూదంటురాళ్లు ఎక్కువగా నేల పైపొరల్లోనే దొరకడం ఈ వాదనకు బలం. అదే రాయిని సుమారు 580 డిగ్రీల సెల్సియస్ దాటేలా వేడిచేస్తే ఆ శక్తి పోతుంది.

ఒంట్లో దిగిన ఇనుప ముక్కలను తీయడానికి అయస్కాంతం వాడవచ్చని సుశ్రుత సంహిత చెప్పింది. సూదిని ఈ రాయితో రుద్దితే అది దక్షిణ దిక్కును చూపుతుందని చైనా పండితుడు షెన్ కువో 1088 ప్రాంతంలో రాశాడు.

వెల్లుల్లి తగిలితే రాయి శక్తి పోతుందని యూరప్‌లో శతాబ్దాల పాటు నమ్మారు. ఇటలీకి చెందిన జాంబాటిస్టా డెల్లా పోర్టా వెల్లుల్లి తిని రాయి మీద ఊదాడు, రసం పూసి చూశాడు. ఏమీ కాలేదు. కానీ ఆయనే, వజ్రంతో రుద్దినా ఇనుముకు అయస్కాంత శక్తి వస్తుందని రాశాడు. ఇంగ్లండ్ వైద్యుడు విలియం గిల్బర్ట్ 75 వజ్రాలతో పరీక్షించి అది తప్పని తేల్చాడు. గిల్బర్ట్ సూదంటురాయిని గోళంగా చెక్కించి, దాని మీద చిన్న సూదిని అక్కడా ఇక్కడా పెట్టి చూశాడు. భూమి మీద దిక్సూచి ఎలా తిరుగుతుందో ఆ సూదీ అలాగే తిరిగింది. భూమే ఒక పెద్ద అయస్కాంతమని 1600లో ప్రకటించాడు.

నేడు మాగ్నటైట్ ప్రధానంగా ఇనుప ఖనిజం. బొగ్గు శుద్ధి కేంద్రాల్లో దీని పొడిని నీళ్లలో కలుపుతారు. ఆ చిక్కటి ద్రవంలో బొగ్గు తేలుతుంది, రాళ్లు మునుగుతాయి. తర్వాత అయస్కాంతంతో పొడిని వెనక్కి లాగి మళ్లీ వాడతారు.

లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నటైట్ రేణువులు ఆనాటి భూ అయస్కాంత క్షేత్రపు దిశను పట్టి ఉంచుతాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావా శిలలు తెలంగాణలో వికారాబాద్ దాకా పరుచుకున్నాయి. దక్కన్ శిలల్లోని ఆ గుర్తులను కొలిచినప్పుడే, అవి ఏర్పడిన కాలంలో మన దేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేదని తేలింది.