పసరు మందు – త్రాసులో తూచిన నమ్మకము

ఆరోగ్యమే మహాభాగ్యమన్న మాటను మనము చిన్ననాటి నుండి చదువుచునే యున్నాము. అయితే ఆ భాగ్యము చేజారుచున్న వేళ ఏ వాకిలి తట్టవలెనన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకములలో జవాబు దొరకుట అరుదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఒకరి కన్నులు పచ్చబడినచో పెక్కు ఇండ్లలో మొదట జ్ఞప్తికి వచ్చునది ఆసుపత్రి కాదు, పసరు పోయు మనిషి. తెలుగు ఇండ్లలో ఈ జబ్బును పసిరికలనియు, పచ్చకామెర్లనియు అందురు. ఉర్దూ మాటలాడు ఇండ్లలో యర్ఖాన్ అందురు. పేరు వేరైనను పరుగు ఒక్కటే. పరగడుపున ఆకు పసరు త్రాగుట, ముక్కులో చుక్కలు వేయించుకొనుట, ముంజేతిపై వాత పెట్టించుకొనుట, ఉప్పు నూనెలు విడిచి పథ్యముండుట – ఇవన్నియు ఒంటిలోని విషమును దింపు చికిత్సలుగా చెల్లుచున్నవి. మన పెద్దల నమ్మకమును ఎగతాళి చేయుట మా ఉద్దేశము కాదు. దానిని త్రాసులో పెట్టి లాభమొక వైపు, అపాయమొక వైపు తూచి చూచుటయే మా ప్రయత్నము.

పసుపు రంగు ఎక్కడిది?

మన రక్తములోని ఎఱ్ఱకణములు సుమారు 120 దినములు జీవించి నశించును. అట్లు నశించిన కణముల నుండి పుట్టు పసుపుపచ్చని పదార్థమునకు బిలిరుబిన్ అని పేరు. కాలేయము దానిని గ్రహించి, పైత్యరసముతో కలిపి, ప్రేగులలోనికి పంపివేయును. ఆరోగ్యవంతుని రక్తములో ఇది 100 మిల్లీలీటర్లకు సుమారు 1 మిల్లీగ్రామునకు లోబడి యుండును. అది 2 లేక 3 మిల్లీగ్రాములు దాటినప్పుడు కంటి తెలుపు పచ్చబడును. ఇట్లు పెరుగుటకు మూడు త్రోవలు కలవు: ఎఱ్ఱకణములు మితిమీరి నశించుట, కాలేయము దెబ్బతినుట, పైత్యనాళమునకు అడ్డు కలుగుట.

కావున కామెర్లు ఒక వ్యాధి కాదు, వ్యాధికి గుర్తు మాత్రమే. ఇంటి మీద పొగ కనబడినప్పుడు అది వంటపొయ్యి పొగయో, వాసమునకు అంటుకొన్న నిప్పు పొగయో చూడక, అన్నిటికిని ఒకే చెంబు నీరు చాలునని కూర్చుండువాడు లేడు. పసరు మందు మాత్రము అన్ని పొగలకును ఒకే చెంబు. మరియొక మాట. శరీరములోని విషపదార్థములను విరిచి వెలికి పంపు అవయవములు కాలేయము, మూత్రపిండములే. ఆ కాలేయమే జబ్బుపడి యున్నప్పుడు, కూర్పు తెలియని మరియొక రసమును త్రాగించినచో, దానిని విరుచు భారము కూడ ఆ రోగి కాలేయము మీదనే పడును.

పసరు గెలిచినట్లు ఏల తోచును?

మన ప్రాంతములో కనబడు కామెర్లలో పెక్కింటికి హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ అను సూక్ష్మజీవులు కారణము. ఇవి మురుగు కలిసిన నీటి వలన వ్యాపించును. 1955–56లో ఢిల్లీ నగరమున మంచినీటిలో మురుగు కలిసి సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చినవి. అది హెపటైటిస్ ఈ అని తరువాతి కాలములో తేలినది. 2005లో హైదరాబాదులో కూడ ఈ జబ్బు ప్రబలినది. ఈ రెండు జబ్బులును ఎక్కువ మందిలో కొన్ని వారములలో తమంతట తామే తగ్గిపోవును. రోగి పసరు మనిషిని వెదకికొని పోవునది కన్నులు మిక్కిలి పచ్చబడిన నాడు. అక్కడి నుండి పసరు త్రాగినను, త్రాగకున్నను పచ్చదనము దిగుటయే సహజము. వరి పండు వేళకు గట్టు మీద నిలిచినవాడు పంట నా వలననే పండినదన్నట్లు, కీర్తి పసరుకు దక్కును.

ముక్కులో పోసిన ఘాటైన రసము లోపలి పొరను మండించి నీరు కార్పించును; అది కాలేయము నుండి దిగిన విషము కాదు. సున్నపు నీటిలో చేతులు కడిగించి, నీరు పచ్చబడగానే కామెర్లు దిగినవని చూపుట మరియొక పద్ధతి. మామిడి బెరడు రసము ముందుగా చేతికి పూసినచో సున్నపు నీరు పచ్చబడునని హేతువాదులు ప్రదర్శించి చూపినారు. ఇక సాక్ష్యముల సంగతి. బాగుపడినవాడు పది ఊళ్లలో చెప్పును. బాగుపడనివాడు పథ్యము తప్పెననియో, ఆలస్యముగా వచ్చెననియో అందురు. ఈ లెక్కలో పసరు ఓడిపోవుటకు చోటే లేదు.

నేల ఉసిరి నేర్పిన పాఠము

మూలికలను విజ్ఞానశాస్త్రము పరీక్షింపనే లేదనుట సరికాదు. కామెర్ల పసరులలో పేరుపొందిన నేల ఉసిరిని మదరాసులోని పరిశోధకులు పరీక్షించి, 1988లో లాన్సెట్ పత్రికలో ఫలితములు ప్రకటించిరి. హెపటైటిస్ బీ సూక్ష్మజీవిని కనుగొని 1976లో నోబెల్ బహుమానము పొందిన బ్లంబర్గ్ పండితుడు కూడ ఆ కృషిలో భాగస్వామి. ఆ సూక్ష్మజీవిని ఒంటిలో మోయుచున్న వారిలో నేల ఉసిరి పొడి 30 దినములు పుచ్చుకొన్న 37 మందిలో 22 మందికి రక్తములోని గుర్తు మాయమైనది. ఉత్తుత్తి మందు పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కనికి మాత్రమే అట్లు జరిగినది. లోకమంతయు ఆశతో చూచినది. కాని తరువాత ఇతర దేశములలో జరిగిన పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. 2011లో అన్ని పరీక్షలను కలిపి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష, నమ్మదగిన ఆధారము చాలదని తేల్చినది. ఆశించుటలో తప్పు లేదు. మరల మరల పరీక్షింపకయే నమ్ముట తప్పు.

ఈ విధానము పరాయిది కాదు. సుమారు వేయి సంవత్సరములకు పూర్వము ఇబ్న్ సీనా తన అల్ ఖానూన్ గ్రంథములో మందులను పరీక్షించుటకు ఏడు నియమములు పెట్టెను. మందు పని చేసిన సమయమును గమనింపవలెననియు, ఫలితము ఎల్లప్పుడునో, పెక్కుమందిలోనో కనబడనిచో దానిని యాదృచ్ఛికముగా ఎంచవలెననియు వానిలో కలదు. యూనానీలోని ముంజిజ్, ముస్‌హిల్ పద్ధతియు, ఆయుర్వేదములోని పంచకర్మలును శరీరశుద్ధికి ఉద్దేశింపబడినవే. అయినను నాడి చూచి, రోగి బలాబలములు తెలిసికొని, వైద్యుని కనుసన్నలలో చేయవలసినవిగా ఆ శాస్త్రములే విధించినవి. వైద్యము తెలియక వైద్యము చేసినవాడు కలిగిన నష్టమునకు బాధ్యుడని హదీసులలో కలదు. ఇరుగుపొరుగు మాట విని ఇంటిలో నూరి త్రాగించు పసరు ఈ శాస్త్రములకు వారసురాలు కాదు.

త్రాసు రెండవ వైపు

మొదటి అపాయము పసరులోనే కలదు. ఏ ఆకు, ఎంత, దేనితో కలిపినారు అన్నది రోగికి తెలియదు. ప్రకృతిసిద్ధమైనది హాని చేయదనుట పొరపాటు. కోవిడ్ రోజులలో తిప్పతీగ కషాయము ఇంటింట కాచిరి. 2020 చివరి నెలలలో దానిని వాడిన ఆరుగురికి కాలేయము దెబ్బతినినట్లు ముంబయి వైద్యులు 2021లో ప్రకటించిరి. 2022లో దేశములోని 13 కేంద్రముల వైద్యులు అట్టి 43 మంది వివరములు ప్రచురించిరి. ఆయుష్ మంత్రిత్వశాఖ ఈ నిర్ణయముతో ఏకీభవింపలేదు. వివాదము అట్లుండగా, కాలేయము చెడిన రోగి మీద పరీక్ష చేయరాదన్నది మాత్రము నిర్వివాదము. న్యాయముగా చెప్పవలెనన్న, ఇంగ్లీషు మందులును ఇందుకు మినహాయింపు కావు. పారాసిటమాల్ మితిమీరినను కాలేయము పాడగును.

రెండవది పథ్యము. నీరసించిన రోగిని నీళ్ల గంజి మీద ఉంచినచో బలము మరింత క్షీణించును. మూడవది వాత. కాలిన పుండు చీము పట్టుటయే గాని, కాలేయమునకు దాని వలన మేలు లేదు.

నాలుగవది, అన్నిటికంటె పెద్దది, ఆలస్యము. కోరుట్లలో బీడీలు చుట్టు ఒక నిండు చూలాలికి కన్నులు పచ్చబడినవనుకొందము. హెపటైటిస్ ఈ అందరిలో తేలికగా పోవునదే అయినను, చివరి మూడు నెలల గర్భిణులలో నూటికి 20 నుండి 25 మంది ప్రాణములు తీయగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆమెకు మూడు పూటల పసరు అనగా మూడు దినముల నష్టము. సిరిసిల్లలో సాంచాల మీద పని చేయు ఒకనికి క్షయ మందులు వాడుచుండగా కామెర్లు వచ్చినచో, ఆ మందులే కారణము కావచ్చును. వైద్యుడు వానిని ఆపి మార్చవలెను. వరి మడిలో పని చేయు రైతుకు జ్వరముతో కూడిన కామెర్లు ఎలుకల మూత్రము వలన వచ్చు లెప్టోస్పైరోసిస్ కావచ్చును. పెద్ద వయసువానికి మలము తెల్లబడి, ఒళ్లంతయు దురదగా నున్నచో, నాళములో రాయియో, పుండో అడ్డుపడి యుండవచ్చును. పసికందులో కామెర్లు మితిమీరినచో మెదడు దెబ్బతినును. సకాలములో నీలికాంతి కింద ఉంచినచో బిడ్డ దక్కును. వీరిలో ఏ ఒక్కరికిని పసరు జవాబు కాదు.

ఏమి చేయవలెను?

పరీక్ష ముందు, మిగిలినవన్నియు తరువాత. రక్తపరీక్షతో బిలిరుబిన్ ఎంత, కారణమేది అన్నది తెలియును. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద హెపటైటిస్ బీ, సీ జబ్బులకు ప్రభుత్వాసుపత్రులలో ఉచిత పరీక్షలు, చికిత్స ఏర్పాటైనవి. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. హెపటైటిస్ బీ టీకాను మన హైదరాబాదు సంస్థ శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే స్వదేశములో తయారు చేసినది. బిడ్డ పుట్టిన 24 గంటలలో ఆ టీకా వేయించుట తల్లిదండ్రుల బాధ్యత. త్రాగునీరు కాచుకొనుట, తినుటకు ముందు చేతులు కడుగుకొనుట ఖర్చు లేని రక్షణలు. మగత, తికమక మాటలు, ఆగని వాంతులు, రక్తస్రావము, తీవ్రమైన కడుపునొప్పి కనబడినచో ఒక్క గంటయు నిలువరాదు. గర్భిణి, పసికందు విషయమున ఏ లక్షణము కొరకును వేచియుండరాదు.

విద్యార్థులారా! ఇంటిలో నాయనమ్మయో, దాదీమాయో పసరు గిన్నె అందించినది ప్రేమతోనే. ఆ ప్రేమను కసరవలదు. “ముందు రక్తపరీక్ష చేయించి వత్తము, తరువాత మాటలాడుకొందము” అని మెల్లగా చెప్పి, ఆ పూటనే బండి ఎక్కించుడు. అప్పటికే పసరు త్రాగి యున్నచో దాచక వైద్యునికి చెప్పుడు. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటి: ఏటేట వానాకాలమునకు ముందు త్రాగునీటి తొట్టిని కడిగించి నీటిని పరీక్ష చేయింపుడు, కామెర్ల గురించి తెలుగు, ఉర్దూ భాషలు రెండింటిలోను ఒక పత్రము అచ్చొత్తించి విద్యార్థుల చేత ఇంటింటికి పంపుడు. చదువుకొన్న బిడ్డ చెప్పిన మాట విని ఒక్క చూలాలు సకాలములో ఆసుపత్రి చేరినను, మన కళాశాల పెట్టిన ఖర్చుకు ఫలము దక్కినట్లే.