పాత కంప్యూటరుకు లినక్స్

నరికుడిలో మా యింటి వసారాలో ఒక కంప్యూటరు ఉన్నది. వచ్చి పదేళ్లు దాటింది. కరెంటు బిల్లు కట్టడానికీ, పిల్లల చదువుకూ, పెళ్లి ఫోటోలు దాచడానికీ అదే ఆధారము. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టువారు విండోస్ 10కు మామూలుగా పంపే భద్రతా సవరణలు ఆపివేశారు. విండోస్ 11 వేద్దామంటే మా యంత్రము పాతదని ఒప్పుకోలేదు. కొత్తది కొనమని తెలిసినవారందరూ చెప్పారు. మోటారు చెడిందని నీళ్లున్న బావిని పూడ్చి మరో బావి తవ్వుతామా? లినక్స్ వేసి చూద్దామనుకున్నాము.

అయితే ఆ యంత్రములో ఉన్నవి మళ్లీ దొరికేవి కావు. ఫోటోలు సరే, మా అవ్వ మాట గంటన్నర రికార్డు చేసి పెట్టినాము. పొలాల పేర్లు, ఆడపడుచులను ఇచ్చిన ఊళ్లు, ఎవరికి ఎవరు ఏ వరుస అవుతారన్నది, అన్నీ మన యింటి తెలుగులో చెప్పింది. అవ్వ ఇప్పుడు లేదు.

లినక్స్ కథ పెద్దది, ఇక్కడ కొంచెమే చెబుతాము. 1991లో ఫిన్లాండులో హెల్సింకి విశ్వవిద్యాలయములో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే యిరవైయొక్కేళ్ల విద్యార్థి తన యింటి కంప్యూటరు కొరకు మొదలుపెట్టినది అది. అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ 1983లోనే గ్నూ అనే పని ప్రకటించి, ఎవరైనా వాడుకోవచ్చును, విప్పి చూడవచ్చును, మార్చవచ్చును, పొరుగువారికి పంచవచ్చును అనే ధర్మముతో సాఫ్టువేరు వ్రాయిస్తున్నారు. 1992లో లినక్స్ కూడా ఆ ధర్మములోనికే వచ్చింది. అందుకే దానికి వెల లేదు. మన చెన్నైలోని సీడాక్ వారు బాస్ అనే లినక్స్ తయారుచేశారు. 2011 నుండి తమిళనాడు ప్రభుత్వము పిల్లలకు ఉచితముగా ఇచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో అదే ఉండేది. మా యింటి పెద్దపిల్లవానికి వచ్చినదానిలోనూ ఉన్నదట. ఆనాడు మేము గమనించనైనా లేదు.

మేము ఎంచుకున్నది లినక్స్ మింట్. 2006లో మొదలైనది, విండోస్ అలవాటైనవారికి చూపు మారదు. దానికి 2 జీబీ మెమరీ చాలును, 4 ఉంటే సుఖము. మాకు 4 ఉన్నది. డిస్కులో కనీసము 20 జీబీ చోటు కావాలి. మూడు జీబీకి కొంచెము తక్కువగా ఉండే ఒక ఫైలును దింపుకుని, దానిని పెన్‌డ్రైవుకు ఎక్కించాలి. మామూలుగా కాపీ చేస్తే చాలదు, రూఫస్ వంటి పనిముట్టుతో వ్రాయాలి. తర్వాత కంప్యూటరు తెరిచేటప్పుడు ఎఫ్12 గాని, ఎఫ్2 గాని, ఎస్కేప్ గాని (ఒక్కో కంపెనీకి ఒక్కో మీట) నొక్కి, పెన్‌డ్రైవు నుండి లేవమని చెప్పాలి. మాకు బాగా నచ్చినది ఇక్కడే. డిస్కును ముట్టకుండానే లినక్స్ తెర మీదికి వస్తుంది. బాడుగ యిల్లు చూడబోయినవాడు కుళాయి తిప్పి చూసినట్టు వైఫై, శబ్దము, ప్రింటరు అన్నీ అప్పుడే చూసుకోవచ్చును. నచ్చకపోతే పెన్‌డ్రైవు తీసివేస్తే సరి, పాత విండోస్ ఎప్పటిలాగే ఉంటుంది.

ఇక మేము చేసిన తెలివితక్కువ పని. ముందుచూపుతో ఫోటోలూ, అవ్వ రికార్డూ ఒక 32 జీబీ పెన్‌డ్రైవులో నకలు తీసి పెట్టినాము. మరునాడు లినక్స్ వ్రాయడానికి పెన్‌డ్రైవు కావలసివస్తే, చేతికి దొరికినదాని మీదే వ్రాశాము. అలా వ్రాస్తే అందులో ఉన్నదంతా పోతుందని ఆ పనిముట్టు హెచ్చరించింది కూడా. హెచ్చరికలు చదివే అలవాటు మాకు లేదు. సాయంకాలము ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, విండోస్ పక్కన వేయాలా, డిస్కు మొత్తము చెరిపి వేయాలా అని అడిగే చోటికి వచ్చినాము. ఎటూ నకలు ఉన్నది గదా అని చెరిపేదానికే గురుతు పెట్టినాము. పక్కన నిలబడి చూస్తున్న మా అన్నగారి అమ్మాయి, "చిన్నాయనా, నకలు తీసిన పెన్‌డ్రైవు ఏదీ?" అన్నది.

అది కంప్యూటరుకే గుచ్చి ఉన్నది.

మీట నుండి చెయ్యి తీసి, కంప్యూటరు ఆపివేసి, ఆ రాత్రికి ఎవరూ దానిని ముట్టకూడదన్నాము. తెల్లవారి అరుప్పుకోటకు బస్సెక్కి మరో రెండు పెన్‌డ్రైవులు కొన్నాము. రెండింటిలోనూ నకలు తీసి, రికార్డు పలుకుతున్నదో లేదో అమ్మాయి ఫోనులో విన్న తర్వాతనే లినక్స్ ఎక్కించినాము. మొత్తము అరగంట పట్టలేదు. మరమ్మతుకని కరెంటు ఆపే రోజున మాత్రము ఈ పని పెట్టుకోవద్దు.

అందరూ లినక్సుకు మారవలెనని మేము చెప్పము. అంగడి లెక్కలు టాలీలో వ్రాసేవారు, శివకాశి అచ్చుపనికి ఫోటోషాప్ వాడేవారు విండోస్ పక్కనే లినక్స్ వేసుకుంటే మేలు, ఆ కంపెనీలు లినక్సుకు వాటిని ఇవ్వలేదు. మా పాత ప్రింటరు కూడా రెండు రోజులు మొండికేసింది.

మాకు దక్కిన లాభము వేరు. కీబోర్డు అమరికలలో తెలుగును చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్టు పద్ధతి వస్తుంది. షిఫ్టుతో డీ నొక్కితే అ, సీ నొక్కితే మ, ఉత్త డీ పొల్లు, మళ్లీ సీ. "అమ్మ" వచ్చింది. తమిళ ఇన్‌స్క్రిప్టులోనూ మ అదే మీట మీద ఉంటుంది గనుక, అది తెలిసిన పిల్లలకు చెయ్యి త్వరగా తిరుగుతుంది. అక్షరాలు అందముగా కావాలనుకునేవారికి తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఉన్నవి.

మా అన్నగారి అమ్మాయి బడిలో తమిళమే చదివింది. తెలుగు అక్షరాలు ఇప్పుడు ఈ మీటల మీదే నేర్చుకుంటూ, అవ్వ రికార్డు విని కొట్టుతున్నది. ఇరవై నిమిషాల మాట అయింది. ఒక పొలము పేరు దగ్గర ఆగినాము. అవ్వ అన్నది ఊటగుంటయా, ఊడగుంటయా తేలలేదు. తిరుచుళిలో ఉన్న మేనత్తను అడగవలసి ఉన్నది.