పొగమంచును దాటి వచ్చిన వెలుగు

వెలుగు అనగానే మనకు ఆదికాండము మొదటి అధ్యాయం గుర్తుకొస్తుంది. చిన్ననాటి నుంచి వింటున్న మాటలవి. అయితే విశ్వంలో వెలుగు దారి చేసుకున్న తీరును శాస్త్రజ్ఞులు కొలుస్తున్నారని, ఆ పనిలో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఒక ఉపగ్రహానికీ భాగముందని మనలో ఎంతమందికి తెలుసు?

విశ్వం వయసు దాదాపు 1380 కోట్ల ఏళ్లు. అది మొదలైన 3 లక్షల 80 వేల ఏళ్లకు చల్లబడి, హైడ్రోజన్ పరమాణువులు ఏర్పడ్డాయి. ఆ తర్వాత చాలాకాలం నక్షత్రాలే లేవు. తొలి నక్షత్రాలు వెలిగాక కూడా ఆ హైడ్రోజన్ చిక్కటి పొగమంచులా వాటి అతినీలలోహిత కాంతిని మింగేసేది. సుమారు 100 కోట్ల ఏళ్లు గడిచేసరికి ఆ మంచు విడిపోయింది. దాన్ని విడగొట్టింది ఏమిటి? కొత్త నక్షత్రాలు జోరుగా పుడుతున్న చిన్న గెలాక్సీలేనని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

కానీ రుజువు దొరకడం కష్టం. 91.2 నానోమీటర్ల కన్నా పొట్టి అలలున్న కాంతి హైడ్రోజన్‌కు తగిలితే దాని ఎలక్ట్రాన్‌ను విడగొట్టి తాను అక్కడే ఖర్చైపోతుంది. అందుకే ఆ కాంతిలో చాలా భాగం పుట్టిన గెలాక్సీలోనే ఆగిపోతుంది. వాయువులో సందు దొరికితేనే బయటపడుతుంది. వందలో ఎంత బయటపడిందన్నదే అసలు లెక్క.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ నింగికెగిసింది. 2016 అక్టోబరులో దాని అతినీలలోహిత టెలిస్కోపు ఆకాశంలో ఒక చిన్న భాగాన్ని 28 గంటలకు పైగా చూసింది. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి సరిగ్గా అలాంటి కాంతి చిక్కింది. విశ్వం వ్యాకోచించడం వల్ల ఆ అలలు దాదాపు 2.4 రెట్లు సాగి మనల్ని చేరాయి. గెలాక్సీలో పుట్టిన ఆ కాంతిలో కనీసం 20 శాతం బయటపడిందని తేలింది.

హబుల్ టెలిస్కోపు అద్దం 2.4 మీటర్లు. ఆస్ట్రోశాట్‌ది సుమారు 38 సెంటీమీటర్లే. అయినా పెద్దదానికి అందనిది చిన్నదానికి అందింది. కారణం, దాని పరికరంలో అనవసరపు రొద చాలా తక్కువ. మసక వెలుగును పట్టడానికి పరిమాణం కన్నా నిశ్శబ్దం అక్కరకొచ్చింది.

ఇంకొక సంగతి మనం గమనించాలి. దారిలో అడ్డొచ్చిన దగ్గరి గెలాక్సీ కాంతిని దూరపుదిగా పొరబడిన సందర్భాలు ఈ రంగంలో లేకపోలేదు. అందుకే పుణెలోని అయుకా శాస్త్రజ్ఞుడు కనక్ సాహా బృందం వెంటనే ప్రకటించలేదు. దాదాపు రెండేళ్లు ఆ సమాచారాన్ని పరీక్షించి, 2020 ఆగస్టులో లోకానికి చెప్పింది.

ఈ కొలత మన విశ్వాసాన్ని నిరూపించదు, కాదనదు. దాని పని అది కాదు. కానీ ఒక్క మసక చుక్క గురించి నిజం చెప్పడానికి అన్నాళ్లు ఓపిక పట్టినవారి దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది. ఒక అద్భుతం గురించి వినగానే పదిమందికి చెప్పాలనిపిస్తుంది. చెప్పే ముందు అది నిజమో కాదో చూసుకోవడం అవిశ్వాసం కాదు. సత్యాన్ని ప్రేమించేవారు చేసే పని అదే.